ఐదో రాడ్డు

మా బండి పోయేముందు నాలుగు నెలల పాటు మాట్లాడుతూనే ఉంది. దసరాకి మొదలుపెట్టింది, మాఘమాసంలో నల్లమల ఘాట్ మీద ఆగిపోయింది. ఆ నాలుగు నెలలూ స్టీరింగ్ దగ్గర నాన్న, క్లీనరు సీట్లో నేను. ఇద్దరికీ చెవులు బాగానే పనిచేసేవి. ఇప్పుడు బెజవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగించి బతుకుతున్నవాణ్ణి కనక అది ఏ రోజు ఏం చెప్పిందో వరసగా చెప్పగలను. అప్పుడు నాకు పదిహేడేళ్లు. చెప్పగలిగినవాడు వేరే ఉన్నాడు. చెప్పాడు కూడా.

1978 మోడల్ టాటా 1210. ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన బానెట్, చెక్క బాడీ. పేరులోనే దాని జాతకం ఉంది. మొదటి రెండంకెలు బండీ సరుకూ కలిపి పన్నెండు టన్నులు, తర్వాతి రెండూ పదుల లెక్కన గుర్రాల బలం. లోపలున్న ఇంజను 697. ఆరు సిలిండర్లు, ఒక్కో బోరు 97 మిల్లీమీటర్లు, అందుకని ఆ పేరు. టాటావాళ్లు 1954లో జర్మనీ బెంజితో పొత్తు కుదుర్చుకుని లారీలు మొదలుపెట్టారు. 1969లో పొత్తు ముగిసి, ముందు జాలీ మీద మూడు కొమ్మల నక్షత్రం పోయి టి అక్షరం వచ్చింది. అయినా మా పేటలో ముసలి డ్రైవర్లు మా బండిని కూడా ‘బెంజి లారీ’ అనే అనేవాళ్లు. నాన్న ఆ మాటని సరిదిద్దేవాడు కాదు. ఆయనకి అది బిరుదు.

1986లో కొన్నాడు. అమ్మ గాజులు కొన్ని, ఫైనాన్సు కొంత. పద్నాలుగో ఏట క్లీనరుగా లారీ ఎక్కినవాడు నలభై దగ్గరపడుతుండగా ఓనరయ్యాడు. బండి వెనక పలక మీద అక్క పేరు, నా పేరు రాయించాడు.

ఇక్కడ క్రాంకు సంగతి ఒకటి చెప్పాలి. క్రాంకు షాఫ్టు పిన్నులు అరిగి గీతలు పడితే, గ్రైండింగు షాపుకి తీసుకెళ్లి సన్నగా చెక్కించి, ఆ మేరకు దళసరి బేరింగులు వేస్తారు. పది సైజు, ఇరవై, ముప్పై, నలభై. పది అంటే పావు మిల్లీమీటరు. నలభై తర్వాత చెక్కడానికి లోహం ఉండదు, పిన్ను బలం చాలదు. మేం కొన్నప్పుడు మా క్రాంకు ఇరవైలో ఉంది. పదేళ్లలో రెండుసార్లు ఇంజను బోరుకొచ్చింది. అంటే 1996 దసరా నాటికి మా బండి ఆఖరి సైజులో తిరుగుతోంది. ఇంకోసారి విప్పితే కొత్త క్రాంకు కొనాల్సిందే. నాన్న తర్వాత చేసిన పనులన్నీ ఈ ఒక్క లెక్కలోంచే పుట్టాయి.

ఆ దసరాకి ఆయుధపూజ చేశాం. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్‌కి బంతిపూల దండ, అమ్మ చేత్తో డాష్‌బోర్డులో ఒక్కో గేజు అద్దం మీద ఒక్కో కుంకుమ బొట్టు. మర్నాడు లోడుతో హనుమాన్ జంక్షన్ దాటి టీకి ఆగినప్పుడు ఇంజను స్లోలో ఉంది. ఆయిల్ గేజు ముల్లు సున్నాకి కాస్త పైన వణుకుతోంది. మంచి రోజుల్లో వేడి మీద కూడా అది ఒకటి దగ్గర నిలిచేది, రోడ్డెక్కితే మూడు దాటేది. నాన్న అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టాడు. “గేజు పోయిందిరా” అన్నాడు.

అనడంలో తప్పులేదు. గేజు అబద్ధం చెప్పడం మామూలే. ముల్లు పడిపోగానే ఇంజను విప్పేవాడు మేస్త్రి కాదు. ముందు డిప్‌స్టిక్ చూడాలి, తర్వాత వేరే మంచి గేజు బ్లాకుకే తగిలించి చూడాలి. మేం కొత్త గేజు వేయించాం. అదీ అదే చూపించింది. “ఈమధ్య కొత్తవి కూడా ఇలాగే వస్తున్నాయి” అన్నాడు నాన్న. అమ్మ దాని మీద కూడా బొట్టు పెట్టింది. ఆ బొట్టు సరిగ్గా సున్నాకీ ఒకటికీ మధ్య పడింది. ముల్లు దానివెనక ఉంటే కనబడదు. అమ్మ కావాలని పెట్టలేదు. నాన్న కావాలని తుడవలేదో ఏమో నాకు తెలియదు. నేను రోజూ అద్దాలన్నీ తుడిచేవాణ్ణి, దాన్ని మాత్రం దేవుడి బొట్టని వదిలేసేవాణ్ణి.

కార్తీకంలో శబ్దం మొదలైంది. ఉదయం స్టార్టు చేయగానే ఆరు సిలిండర్ల మామూలు గలగలలో ఒకటి విడిగా, సన్నగా, రాయి మీద సుత్తిదెబ్బలా టక్‌టక్‌మనేది. “నాజిల్” అన్నాడు నాన్న. రోడ్డు మీద కలిసిన ప్రతి డ్రైవరూ అదే అన్నాడు. కల్తీ డీజిలయ్యా, కిరసనాయిలు కలిపి పోస్తున్నారు, నాజిలేలే. డీజిల్ ఇంజను తట్టుడికి మొదట నాజిల్‌ని అనుమానించడం సబబే. మంచులా చిమ్మాల్సిన డీజిల్‌ని అది ధారగా కారిస్తే, కారినదంతా పోగుపడి ఒక్కసారిగా అంటుకుని పిస్టన్ నెత్తిన కొడుతుంది. ఆరూ తీసి పంపు షాపులో చూపిస్తే ఐదోది నిజంగానే కారుతోంది. మార్చాం. శబ్దం పోయింది. నాన్న ఆ రాత్రి దారిలో ధాబా దగ్గర నాకు రెండు ఆమ్లెట్లు చెప్పాడు.

మా కథలో అందరికంటే పెద్ద మోసగత్తె ఆ ఐదో నాజిలే. దాన్ని మార్చాం గానీ అది అప్పటికే చేసి వెళ్లిన పని మాకు కనబడలేదు.

బండి ప్రతి ట్రిప్పుకీ అర లీటరు, ముప్పాతిక లీటరు ఆయిల్ తాగేది. వయసు బండి, తాగుతుంది. ఆ నెలలో తాగడం మానేసింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ గీత దగ్గరే ఉంది, ఓసారైతే గీత పైకి కూడా వచ్చింది. “చూశావా, రింగులు సర్దుకున్నాయి” అని నాన్న మురిసిపోయాడు. నేనూ మురిశాను. ఆయిల్ ఎక్కడైనా తనంతట తాను పెరుగుతుందా అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. నాజిల్ కార్చిన డీజిల్ కాలకుండా సిలిండరు గోడల వెంట జారి, రింగులు దాటి, కింద చాంబర్లో ఆయిల్‌లో కలిసింది. నాజిల్ మార్చిన రోజునే చాంబరు ఖాళీ చేసి కొత్త ఆయిల్ పోసి ఉంటే ఈ రాత ఉండేది కాదు. ఆయిల్ మార్చి నెలే అయింది, డబ్బు దండగని నాన్న వద్దన్నాడు. మాఘంలో అక్క పెళ్లి.

సంక్రాంతి వెళ్లాక రెండో శబ్దం వచ్చింది. ఇది టక్ కాదు. ఇంజనుకి కింది భాగంలోంచి, మూసిన తలుపుని ఎవరో పిడికిలితో తడుతున్నట్టు వచ్చేది. ఉదయం చలిలో ఉండేది కాదు, ఇంజను వేడెక్కాక వచ్చేది. అప్పుడు నాన్న నన్ను తీసుకుని ఆటోనగర్‌లో పెద్దమేస్త్రి దగ్గరికి వెళ్లాడు. నాన్న క్లీనరుగా ఉన్నప్పుడు ఆయన స్పానర్లు అందించే కుర్రాడట. ఆయన్ని నాన్న ‘అన్నా’ అనేవాడు, నేను ‘పెదనాన్నా’ అనేవాణ్ణి. ఆటోనగర్ 1966లో పెట్టినప్పటి నుంచీ ఆ షెడ్డు అక్కడే ఉందని చెప్పుకునేవారు. లోపల నేలంతా నల్లగా, అడుగుల లోతున ఆయిల్ తాగిన మట్టి.

ఆయన మొదట డిప్‌స్టిక్ తీశాడు. గీత చూడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆయిల్ చుక్కని రుద్ది, వేళ్లు విడదీశాడు. తీగ సాగలేదు. వాసన చూశాడు. తర్వాత ఆ చుక్కని పాత బిల్లు కాగితం వెనక వేసి పక్కన పెట్టాడు. “స్టార్టు చెయ్యి” అన్నాడు.

ఇంజను వేడెక్కేదాకా మాట్లాడలేదు. మూరెడు స్క్రూడ్రైవరు తీసుకుని, మొన బ్లాకుకి ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి ఆనించాడు. పైన హెడ్డు మీద, మధ్యలో, కింద చాంబరు అంచున, ముందు నుంచి వెనక్కి ఒక్కో చోటా డాక్టరు వీపు మీద స్టెతస్కోపు జరిపినట్టు జరిపాడు. తర్వాత నన్ను పిలిచి పిడి నా చెవికి పెట్టాడు. ఇంజను లోపల ఊరంత సంత నడుస్తోంది. దాని అడుగున, ఎక్కడో, ధబ్... ధబ్...

“ఇప్పుడు చూడు అబ్బాయ్” అని స్పానరు తీసుకున్నాడు. ఒకటో సిలిండరు నాజిల్‌కి వచ్చే పైపు నట్టు అర చుట్టు వదులు చేశాడు. డీజిల్ చిమ్మింది, ఆ సిలిండరు మందు అందక పడుకుంది, ఇంజను కుంటింది. శబ్దం మాత్రం అలాగే ఉంది. బిగించాడు. రెండోది, అలాగే. మూడు, నాలుగు. ఐదోది వదులు చేయగానే ఆ ధబ్ మెత్తబడింది. బిగించాడు, వచ్చింది. మళ్లీ వదులు చేశాడు, పోయింది. సిలిండర్లో పేలుడు పిస్టన్‌ని కిందికి తన్నినప్పుడల్లా రాడ్డు కిందితల, బేరింగులో పెరిగిన సందు దాటి, క్రాంకు మీద పడుతోంది. పేలుడు ఆపితే తన్ను ఆగుతోంది. ఆక్సిలరేటరు కాస్త పెంచి టక్కున వదలమన్నాడు. వదిలిన ఆ క్షణాన రెండు దెబ్బలు గబగబా వినిపించాయి.

నాన్న అప్పుడు కూడా “నాజిల్ కాదంటావా అన్నా?” అని అడిగాడు.

“మొన్నటిది నాజిల్. ఇది నాజిల్ కాదు. ఐదో రాడ్డు బేరింగు.”

కాగితం చూపించాడు. మధ్యలో నల్లమచ్చ, చుట్టూ పలచగా, వెడల్పుగా పాకిన తడి వలయం. డీజిల్. ఫిల్టరు విప్పి లోపలి మడతలు విడదీస్తే ఆయిల్‌లో సన్నటి మెరుపులు. అయస్కాంతం దగ్గర పెడితే ఒక్కటీ అంటలేదు. ఉక్కయితే అంటేది. అంటనిది బేరింగు పూత. కొన్ని మెరుపులు వెండిలా ఉన్నాయి, రెండు మూడు ఎర్రగా, రాగిరంగులో ఉన్నాయి. ఆ ఎర్రవి చూసి పెదనాన్న నిట్టూర్చాడు. పైపూత పోయి లోపలి రాగి పొర కూడా రాలుతోందన్నమాట.

నాన్న ఇంకా గేజు దగ్గరే ఆగాడు. “పంపు మారిస్తే ప్రెషరు రాదా?” అన్నాడు. దానికి పెదనాన్న చెప్పిన జవాబే ఇప్పుడు నేను నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకి చెబుతుంటాను. “ప్రెషరు పంపు ఇచ్చేది కాదు తమ్ముడూ. పంపు ఆయిల్‌ని నెడుతుంది, అంతే. బేరింగులు దాన్ని తొందరగా పోనివ్వవు. ఆ పట్టే ప్రెషరు. కాలవలో నీళ్లెన్ని వదిలినా మధ్యలో గండిపడితే మట్టం నిలుస్తుందా? చివరి పొలానికి తడి అందుతుందా?” బేరింగుకీ పిన్నుకీ మధ్య ఉండాల్సిన సందు తలవెంట్రుక మందం. ఆ సందులో ఆయిల్ పొర నిలిచి ఉన్నంతకాలం లోహానికి లోహం తగలదు. ఆయిల్ పలచబడితే పొర చిరుగుతుంది. సందు పెరిగినకొద్దీ ఆయిల్ కారిపోతుంది, కారినకొద్దీ ప్రెషరు పడుతుంది, ప్రెషరు పడినకొద్దీ సందు పెరుగుతుంది.

“ఇవాళే దించు. ఈ రోజు దించితే బేరింగూ క్రాంకూ పోతాయి. నడిపితే బ్లాకు పోతుంది.”

“క్రాంకు నలభైలో ఉందన్నా.”

“తెలుసు. చెక్కించింది నేనేగా.”

ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. నాన్న చెయ్యి తుడుచుకునే పీచు తీసుకుని, అంటని మసిని తుడుచుకుంటూ, “పెళ్లి కానీ అన్నా. మూడే ట్రిప్పులు. తర్వాత నీ దగ్గరే పెట్టేస్తాను” అన్నాడు. పెదనాన్న ఆ రోజు డబ్బులు తీసుకోలేదు. షెడ్డు గుమ్మం దాకా వచ్చి, “లోడు తగ్గించు. ఘాట్ ఎక్కకు” అన్నాడు.

మొదటి రెండు ట్రిప్పులూ జరిగిపోయాయి. జరగడానికి కారణం ఇంకో మోసం. పార్కింగులో ఎవరో సలహా ఇచ్చారు, పలచబడిన ఆయిల్‌లో తొంభై నంబరు గేరు ఆయిల్ కలపమని. కలిపాం. ముల్లు లేచింది! కుంకుమ బొట్టు దాటి పైకొచ్చి నిలబడింది. ధబ్ కూడా సగానికి సగం తగ్గింది. రోగికి జ్వరం దిగిందనుకున్నాం. చిక్కటి ఆయిల్ సన్నటి సందుల్లోకి ఆలస్యంగా వెళుతుందనీ, తెల్లవారి స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో బేరింగులు ఎండిపోయి తిరుగుతాయనీ, గేజు చూపేది ఆయిల్ చిక్కదనాన్నేగానీ బేరింగు ఆరోగ్యాన్ని కాదనీ అప్పుడు తెలియదు. తెలిసినా ఆ వారం పోసేవాళ్లమే అనుకుంటాను.

మూడోది గుంటూరు నుంచి నంద్యాలకి యూరియా. రెండొందల బస్తాలు, పది టన్నులు. ఎక్కువే. వినుకొండ, మార్కాపురం, కంభం దాటి, గిద్దలూరులో రాత్రి భోజనం చేశాం. దిగువమెట్ట దాటాక అడవి. అక్కణ్ణుంచి రోడ్డు పైకి.

ఘాట్ మీద నాన్న గేరు తగ్గించాల్సిన చోట తగ్గించలేదు. నేను గమనించాను. గేరు తగ్గిస్తే ఇంజను వేగం పెరుగుతుంది, పెరిగితే ధబ్‌ధబ్ గట్టిగా వినబడుతుంది. అందుకని మూడో గేర్లోనే, ఇంజను రొప్పుతూ పడీపడనట్టు తిరుగుతుంటే లాగిస్తున్నాడు. అలాగైతే శబ్దం మందంగా, దూరంగా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్లు జలదరించేది ఇక్కడే. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగడం కంటే బేరింగుకి పెద్ద శిక్ష లేదు. పంపు మెల్లగా తిరుగుతుంది, ఆయిల్ తక్కువ వస్తుంది, ప్రతి పేలుడూ నిండుగా పిన్ను మీద పడుతుంది. ఆ శబ్దం వినలేకే ఆయన బండిని చంపుకున్నాడు.

ఒక మలుపులో ధబ్ ఆగింది. ఒక్క క్షణం మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. నాన్న నా వైపు చూశాడు. ఆ వెంటనే రోలు బద్దలైనట్టు ఒకటే పెద్ద చప్పుడు. బానెట్ కిందనుంచి పొగ, తర్వాత రోడ్డు మీద కుండ పగిలినట్టు ఆయిల్. నాన్న హ్యాండ్‌బ్రేకు లాగి, “రాయి, రాయి” అని అరిచాడు. నేను దూకి వెనక టైర్ల కింద బండరాళ్లు తోశాను.

టార్చి వేసి చూశాం. బ్లాకు పక్కన అరచెయ్యి పట్టేంత చిల్లు. అందులోంచి విరిగిన రాడ్డు మొన బయటికి చూస్తోంది. రాడ్డు బోల్టులు తెగి, అది క్రాంకుతో పాటు తిరుగుతూ గోడని తన్నేసింది. నాన్న టార్చి నా చేతికిచ్చి చిల్లులోకి వంగి చూశాడు. లెక్కపెట్టినట్టు ముందునుంచి వేలు జరిపాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత వేలు తీసేసుకున్నాడు.

తెల్లవారేదాకా చెట్టుకొమ్మలు నరికి రోడ్డు మీద వేస్తూ, వచ్చే బళ్లకి టార్చి ఊపుతూ కూర్చున్నాం. ఉదయం నంద్యాల నుంచి వేరే లారీ వచ్చి బస్తాలు మార్చుకుపోయింది. మా బాడుగ దానికే చాలలేదు.

ఆటోనగర్‌కి గొలుసు కట్టి తెచ్చాక పెదనాన్న చాంబరు దించాడు. ఐదో పిన్ను నీలంగా కాలి ఉంది. బేరింగు ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటెక్కి అప్పడంలా చితికాయి. బ్లాకు పగులు మెయిన్ బేరింగు గోడదాకా పాకింది. అక్కడ వెల్డింగు నిలవదు. షెడ్డులో ఉన్నవాళ్లంతా కారణాలు చెప్పడం మొదలుపెట్టారు. లోడు ఎక్కువన్నారు, గేరు ఆయిలన్నారు, డీజిలన్నారు, దిష్టన్నారు. కర్ణుడి చావుకి వంద కారణాలని సామెత ఉండనే ఉంది. పెదనాన్న ఒక్క మాటా అనలేదు. నేను చెప్పానుగా అని కూడా అనలేదు. అందుకే మూడు నెలల తర్వాత నేను పని నేర్చుకోవడానికి ఆ షెడ్డుకే వెళ్లాను.

పెళ్లి అప్పుతో జరిగింది. ఛాసిస్ ఒకరు, ఇంజను తుక్కు కింద ఒకరు కొన్నారు. వెనక పలకని ఎవరూ అడగలేదు, అది ఇప్పటికీ మా పెరట్లో బొగ్గుల గదికి తలుపుగా ఉంది, అక్క పేరు కాస్త చెరిగింది. నాన్న రెండేళ్లు ఇంకొకరి బండి తోలాడు. ఓనరుగా పదేళ్లు కూర్చున్నవాడికి జీతం డ్రైవరుతనం ఎంతోకాలం పొసగలేదు. చివరికి ఊరి చివర కాటా దగ్గర రాసే పనిలో కుదిరాడు. లారీ వచ్చి పళ్లెం మీద నిలబడితే బరువు చూసి చీటీ ఇవ్వడం.

ఓ సాయంత్రం అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను. ధాన్యం లోడు లారీ ఒకటి కాటా ఎక్కింది. పాత బండి. డ్రైవరు కుర్రాడు ఇంజను ఆపకుండానే దిగి చీటీ కోసం కిటికీ దగ్గరికొచ్చాడు. నాన్న రాస్తున్నవాడల్లా పెన్ను ఆపాడు. నేనూ విన్నాను. గలగల కింద, అడుగున, వేడి మీద వచ్చేది.

“ఏంటి బాబాయ్ చూస్తున్నావ్, నాజిల్‌లే, రేపు చూపిస్తా” అన్నాడు కుర్రాడు నవ్వుతూ, చీటీ లాక్కుంటూ. ఎక్కి వెళ్లిపోయాడు. పళ్లెం ఖాళీ అయి, అంకె సున్నాకి వచ్చి నిలబడింది. నాన్న రోడ్డు వైపే చూస్తూ, నాతో కాదు, ఎవరితోనూ కాదు, “నాజిల్ కాదు” అన్నాడు.